కంప్రెసర్‌ను ఎప్పుడు కడగాలి?

గ్యాస్ టర్బైన్ పేరులో టర్బైన్ ఒక్కటే వినిపించినా, ఆ యంత్రం పుట్టించే శక్తిలో సగానికి పైగా తన కోసమే వాడుకొనే భాగం కంప్రెసర్. బయటి గాలిని లోపలికి లాగి, తిరిగే బ్లేడ్ల వరుసలోనూ కదలని బ్లేడ్ల వరుసలోనూ మార్చి మార్చి నడిపిస్తూ, మెట్టు మెట్టుగా పీడనం పెంచి దహన గదులకు అందించడం దాని పని; అక్కడ ఇంధనం మండగా వెలువడిన వేడి వాయువులు వెనుక ఉన్న టర్బైన్‌ను తిప్పుతాయి, ఆ టర్బైన్ ఒకే ఇరుసు మీద ఉన్న కంప్రెసర్‌నూ జనరేటర్‌నూ తిప్పుతుంది. విద్యుత్కేంద్రాలలో విరివిగా కనిపించే 9ఇ తరగతి యంత్రాన్ని లెక్కకు తీసుకుంటే, దాని కంప్రెసర్‌లో 17 మెట్లు ఉంటాయి, సెకనుకు సుమారు 400 కిలోల గాలి దాని గుండా సాగుతుంది, ఆ గాలి పీడనం 12 రెట్లకు పైగా పెరుగుతుంది. 30 డిగ్రీల సెల్సియస్ వద్ద లోపలికి వచ్చిన గాలి, నిప్పు తగలకుండా ఈ ఒత్తిడి వల్లనే, 390 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. ఈ పనికి కావలసిన శక్తి సుమారు 145 మెగావాట్లు. జనరేటర్ ద్వారా బయటికి వచ్చే విద్యుత్తు 120 మెగావాట్ల చుట్టుపక్కల మాత్రమే ఉంటుంది. అమ్మే విద్యుత్తు కన్నా కంప్రెసర్ వాడకమే ఎక్కువ కాబట్టి, దాని పనితనం ఒక్క శాతం తగ్గినా అమ్మకం మీద పడే నష్టం ఒక శాతాన్ని మించిపోతుంది.

వరంగల్ నగరానికి పడమటి అంచున, హైదరాబాద్ రహదారి మీద, మెట్టుగుట్ట రామలింగేశ్వరస్వామి ఆలయంతో పేరు పొందిన మడికొండలో గ్యాస్ విద్యుత్కేంద్రం ఏదీ లేదు. అయినా ఈ విషయంతో ఆ ఊరికి సంబంధం లేకపోలేదు. మడికొండ ఐటీ సెజ్‌లో 2020 జనవరి 7న కార్యాలయాలు ప్రారంభించిన రెండు సంస్థలలో ఒకటైన సైయెంట్, 1991లో ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్ పేరుతో హైదరాబాద్‌లో మొదలై, విమాన ఇంజన్ల తయారీదారైన ప్రాట్ అండ్ విట్నీకి ఏళ్ళ తరబడి ఇంజనీరింగ్ సేవలు అందిస్తూ ఎదిగిన సంస్థ. కొద్ది కిలోమీటర్ల దూరంలో 1959లో శంకుస్థాపన జరిగిన ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాల, నేటి ఎన్‌ఐటీ, తరతరాల మెకానికల్ ఇంజనీర్లను తయారు చేసింది. హైదరాబాద్ శివారు రామచంద్రాపురంలోని భెల్ కర్మాగారం జనరల్ ఎలక్ట్రిక్ సాంకేతిక సహకారంతో గ్యాస్ టర్బైన్లను నిర్మించింది. వీటన్నిటికీ మించిన బంధం కరెంటు తీగది: రాష్ట్ర విభజన సమయంలో అప్పటి విద్యుత్ కొనుగోలు ఒప్పందాలను తెలంగాణకు 53.89 శాతం, ఆంధ్రప్రదేశ్‌కు 46.11 శాతం చొప్పున పంచినందువల్ల, కృష్ణా గోదావరి తీరాలలోని గ్యాస్ కేంద్రాల విద్యుత్తులో పెద్ద పాలు మడికొండ ఉన్న వైపుకే కేటాయింపయింది. కొండపల్లిలోనో జేగురుపాడులోనో ఒక కంప్రెసర్‌కు మురికి పడితే దాని ఖరీదు ఏదో ఒక రూపంలో ఓరుగల్లు బిల్లులోకీ వచ్చేదే.

మురికి ఎక్కడి నుంచి వస్తుందనే ప్రశ్నకు గాలి లెక్కే జవాబు. సెకనుకు 400 కిలోలంటే రోజుకు సుమారు 34,500 టన్నుల గాలి, అంటే దాదాపు 2.9 కోట్ల ఘనపు మీటర్లు. భారత జాతీయ వాయు నాణ్యతా ప్రమాణాల ప్రకారం 10 మైక్రాన్ల లోపు ధూళి ఒక రోజు సగటున ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు దాటకూడదు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. సరిగ్గా ఆ హద్దులో ఉన్న, చట్టం దృష్టిలో తప్పులేని గాలి కూడా, వడపోత లేకపోతే, రోజుకు మూడు కిలోలకు కొంచెం తక్కువ ధూళిని యంత్రంలోకి మోసుకొస్తుంది. గుట్టలు తొలిచే గ్రానైట్ క్వారీలు, లారీల రాకపోకలు, తగలబడే చెత్త, పంటకోతల తరువాత పొలాలలో పెట్టే మంటలు ఉన్నచోట ఆ హద్దు నిలిచే రోజులే తక్కువ.

కంప్రెసర్‌కు ముందు ఫిల్టర్ల గది ఉంటుంది, పెద్ద రేణువులు అక్కడే ఆగిపోతాయి. సుమారు 10 మైక్రాన్లకు మించిన రేణువులు బ్లేడ్లను కోస్తాయి గాని అంటుకోవు. అసలు అంటుకొనేవి రెండు మూడు మైక్రాన్ల లోపు సన్నటి పొగ కణాలు, ఉప్పు, నూనె ఆవిరి. మామూలు ఫిల్టర్ల నుంచి తప్పించుకొనేవి కూడా ఇవే. వీటిలో నూనె ఆవిరి ప్రత్యేకంగా చెడ్డది: కంప్రెసర్ ముందు బేరింగు సీలు నుంచి కొద్దిగా కారినా చాలు, అది బ్లేడు మీద జిగటపొరగా పరుచుకొని, దాటిపోవలసిన పొడిదుమ్మును కూడా పట్టి నిలుపుతుంది. గాలిలోని తేమ రెండో జిగురు. గాలి లోపలికి వేగంగా దూసుకొచ్చే మూతి దగ్గర, బెల్‌మౌత్ అని పిలిచే ఆ గరాటు భాగంలో, ఉష్ణోగ్రత కొన్ని డిగ్రీలు తగ్గుతుంది కాబట్టి వానాకాలపు గాలి అక్కడ చెమర్చి మొదటి వరుస బ్లేడ్లను తడుపుతుంది. మురికి మొదటి ఐదారు మెట్లలోనే ఎక్కువగా పేరుకోవడానికి ఇదొక కారణం.

ఏ మురికి అన్నది ఊరిని బట్టి ఉంటుంది. 2000లో ఉత్పత్తి మొదలుపెట్టిన 368 మెగావాట్ల కొండపల్లి గ్యాస్ కేంద్రానికి ఇరుగుపొరుగున ఇబ్రహీంపట్నం బొగ్గు విద్యుత్కేంద్రమూ పారిశ్రామికవాడా ఉన్నాయి. అలాంటి చోట బూడిద, మసి, హైడ్రోకార్బన్ ఆవిర్లు ఎదురవుతాయి. కాకినాడ, సామర్లకోట వైపు సముద్రపు గాలి ఉప్పును తెస్తుంది. ఉప్పు నీటిలో సులభంగా కరిగిపోతుంది కనుక కడగడం తేలిక, కాని కడగకుండా వదిలేస్తే లోహాన్ని తినేస్తుంది. ఆర్థిక సరళీకరణ తరువాత దేశంలో ముందుగా వచ్చిన ప్రైవేటు విద్యుత్కేంద్రాలలో ఒకటిగా 1997లో పూర్తిస్థాయిలో నడక మొదలుపెట్టిన జేగురుపాడు కేంద్రం, కడియం పూలతోటలకూ వరిచేలకూ నడుమ ఉన్నది. తొలకరి రాత్రుల్లో దీపాలకు మూగే పురుగులు, కోతల తరువాత లేచే పొగ అటువంటి చోటి గాలికి సహజం. అందువల్ల తయారీదారు ఇచ్చిన పుస్తకంలోని ఒకే గడువును మూడుచోట్లా అమలు చేయడం శాస్త్రీయం కాదు.

మురికి చేసే నష్టం రెండు విధాలు. బ్లేడు ఒంపు ఒక కచ్చితమైన ఆకారం. దాని మీద పొర పేరుకొంటే బ్లేడ్ల మధ్య దారి ఇరుకవుతుంది, ఉపరితలం గరుకవుతుంది. దారి ఇరుకైనందువల్ల లోపలికి వచ్చే గాలి తగ్గుతుంది, గాలి తగ్గితే దానితో మండించగల ఇంధనమూ, దాని వెంట ఉత్పత్తీ తగ్గుతాయి; ఇది మొదటి నష్టం. గరుకుదనం వల్ల అదే పీడనానికి ఎక్కువ పని చేయవలసి వస్తుంది, ఇది రెండోది. ఆదర్శ యంత్రానికి అవసరమైన పనిని నిజంగా ఖర్చయిన పనితో భాగిస్తే వచ్చేదే కంప్రెసర్ దక్షత. అది 88 శాతం నుంచి 86 శాతానికి దిగితే, పైన చెప్పిన యంత్రంలో కంప్రెసర్ నుంచి బయటపడే గాలి ఎనిమిది డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటుంది. ఎనిమిది డిగ్రీలే కదా అనిపించినా, సెకనుకు 400 కిలోల గాలి మీద అది మూడు మెగావాట్లకు పైచిలుకు. యూనిట్ విద్యుత్తుకు ఖర్చయ్యే ఇంధనపు వేడిని హీట్ రేట్ అంటారు. మొదటి నష్టం ముఖ్యంగా ఉత్పత్తిని తగ్గిస్తే, రెండోది ఉత్పత్తిని తగ్గిస్తూనే హీట్ రేట్‌ను పెంచుతుంది. ఈ రెండింటినీ విడివిడిగా చూడవలసిన అవసరం ముందుముందు లెక్కలో తేలుతుంది. నడుస్తున్న కాలంలో గ్యాస్ టర్బైన్ పోగొట్టుకొనే సామర్థ్యంలో 70 నుంచి 85 శాతం దాకా కంప్రెసర్ మురికి వల్లనే పోతుందని ఈ రంగంలోని పరిశోధన సాహిత్యం పలుమార్లు పేర్కొన్నది. అరుగుదల, బ్లేడు కొనల దగ్గర సందు పెరగడం వంటి తక్కిన నష్టాలు యంత్రం విప్పితే తప్ప తిరిగిరావు. మురికి వల్ల పోయింది మాత్రం నీళ్ళతో తిరిగివస్తుంది.

పోయిందని తెలుసుకోవడం అంత సులభం కాదు. గ్యాస్ టర్బైన్ల సామర్థ్యాన్ని 15 డిగ్రీల ఉష్ణోగ్రత, సముద్రమట్టపు పీడనం, 60 శాతం తేమ ఉన్న గాలికి లెక్కగట్టి ప్రకటిస్తారు. మే నెలలో మడికొండ పరిసరాల్లో పగటి ఉష్ణోగ్రత 42 డిగ్రీలు దాటడం వింత కాదు. ఒక్కొక్క డిగ్రీకి ఉత్పత్తి అర శాతం నుంచి 0.9 శాతం దాకా తగ్గుతుంది కనుక, నిష్కళంకంగా కడిగిన యంత్రం కూడా ఆ వేళ తన ప్రకటిత సామర్థ్యంలో ఐదో వంతు దాకా కోల్పోవచ్చు. మూడు నాలుగు శాతం మురికి నష్టం ఈ ఇరవై శాతం ఎండ నష్టం వెనుక దాగిపోతుంది. సెప్టెంబరులో గాలి చల్లబడి మెగావాట్లు పెరిగితే యంత్రం బాగుపడిందని భ్రమ కలుగుతుంది. కాబట్టి ప్రతి కొలతనూ ప్రామాణిక గాలికి సవరించి పోల్చాలి, అదీ పూర్తి లోడు మీద తీసిన కొలతలనే. బెల్‌మౌత్ దగ్గర పీడనం ఎంత పడిపోతున్నదో చూస్తే లోపలికి వచ్చే గాలి ఎంతో తెలుస్తుంది. మురికిని అందరికంటే ముందుగా పట్టించే సూచిక ఇదే. కంప్రెసర్ చివరి పీడనమూ ఉష్ణోగ్రతా తోడైతే దక్షతను లెక్కించవచ్చు. లోడు తక్కువగా ఉన్నప్పుడు ముందువరుసలో తిరగగల దారిచూపు రెక్కలు, ఐజీవీలు, కొంత మూసుకొని గాలిని తగ్గిస్తాయి. మురికి పట్టిన యంత్రంలో అవి ఇంకొంచెం తెరుచుకొని లోటు పూడుస్తాయి, మెగావాట్ల మీటరులో ఏ మార్పూ కనపడదు. గ్యాస్ బిల్లులో మాత్రం కనపడుతుంది.

కడిగే పద్ధతులకు చిత్రమైన చరిత్ర ఉంది. పాత తరం యంత్రాలలో పొడి అక్రోటు పెంకులనూ, కొన్నిచోట్ల బియ్యపు గింజలనూ, నడుస్తున్న కంప్రెసర్‌లోకి వదిలేవారు. అవి బ్లేడ్లను రుద్దుకుంటూ పోయి దహన గదులలో కాలిపోయేవి. బ్లేడ్లకు రక్షణ పూతలు వచ్చాక, టర్బైన్ బ్లేడ్లలో చల్లదనం కోసం సన్నటి రంధ్రాలు చేయడం మొదలయ్యాక, పూతను గీసి రంధ్రాలను పూడ్చే ఈ పద్ధతి వెనుకబడింది. నేడు మిగిలినవి నీటితో చేసే రెండు పద్ధతులు. మొదటిదైన ఆఫ్‌లైన్ వాష్‌లో యంత్రాన్ని ఆపి, లోపలి భాగాలు సుమారు 65 డిగ్రీల లోపుకు చల్లారేదాకా ఆగి, స్టార్టింగ్ మోటారుతో పూర్తి వేగంలో ఐదో వంతు వేగాన తిప్పుతూ డిటర్జెంట్ కలిపిన నీటిని చిమ్ముతారు. దాన్ని కొంతసేపు నాననిచ్చి, మళ్ళీ మళ్ళీ మంచినీటితో జాడించి, అడుగు గొట్టాల నుంచి దిగే నీరు తేరేదాకా, దాని విద్యుద్వాహకత లోపలికి పోసిన నీటి స్థాయికి దగ్గరయ్యేదాకా కొనసాగిస్తారు. చల్లారడంతో కలుపుకొని ఇది సగం రోజు నుంచి ఒక రోజు దాకా పట్టే పని. పోయినదాన్ని దాదాపుగా తిరిగి తెచ్చేది ఇదే.

రెండోది ఆన్‌లైన్ వాష్: యంత్రం లోడు మీద ఉండగానే పది ఇరవై నిమిషాలపాటు సన్నటి తుంపర్లను బెల్‌మౌత్ దగ్గర చల్లుతారు. ఉత్పత్తి ఆగదు, అందుకే ఆకర్షణీయమైనది. కాని గాలి వేడెక్కుతున్న కొద్దీ నీరు కొన్ని మెట్ల లోపే ఆవిరైపోతుంది, మొదటి వరుసలలో ఊడిన మురికి వెనుక వరుసలలో మళ్ళీ అంటుకొనే ప్రమాదమూ ఉంది. కొన్ని పెద్ద యంత్రాలలో ఈ తుంపర్లే మొదటి వరుస బ్లేడ్ల అంచులను కోసినట్లు తేలింది. ఆఫ్‌లైన్ వాష్‌కు ఇది బదులు కాదు; రెండు ఆఫ్‌లైన్ వాష్‌ల మధ్య కాలాన్ని సాగదీసే సాధనం మాత్రమే. రెండింటికీ కావలసింది లవణాలు తీసేసిన నీరు, కేంద్రాల్లో అందరూ డీఎం వాటర్ అనేది. బోరు నీటిలోని సోడియం, పొటాషియం టర్బైన్ దాకా చేరితే అక్కడి వేడిలో ఇంధనపు గంధకంతో కలిసి కరిగిన లవణంగా మారి బ్లేడ్ల పూతను తినేస్తాయి; కంప్రెసర్‌కు చేసిన మేలు టర్బైన్‌కు కీడు అవుతుంది.

ఇక గడువు. మురికి నష్టం కాలంతోపాటు సమంగా పెరుగుతుందని అనుకుంటే, కడిగిన మరుక్షణం సున్నా దగ్గర మొదలైన గంటవారీ నష్టం మళ్ళీ కడిగే నాటికి గరిష్ఠానికి చేరుతుంది. ఆ గరిష్ఠంలో సగం సగటు నష్టం. గడువు పొడిగిస్తే ఈ సగటు పెరుగుతుంది, కుదిస్తే కడిగే ఖర్చు తరచుగా వచ్చి మీద పడుతుంది. ఈ రెండింటి మొత్తం అతి తక్కువగా ఉండే గడువు, కడిగే ఖర్చును రెట్టింపు చేసి, నష్టం పెరిగే వేగంతో భాగించి, వచ్చినదానికి వర్గమూలం తీస్తే దొరుకుతుంది. 1913లో ఫోర్డ్ హారిస్ అనే అమెరికన్ ఇంజనీరు కర్మాగారపు సరుకు నిల్వల కోసం ప్రచురించిన సూత్రానికీ దీనికీ రూపంలో తేడా లేదు.

ఒక ఊహాయంత్రంతో లెక్క వేస్తే విషయం తేటపడుతుంది. ఇందులోని రూపాయలు ఉదాహరణకు తీసుకున్నవే. యంత్రం 100 మెగావాట్లది. ప్రతి 250 గంటలకు ఉత్పత్తి ఒక శాతం, దాని వెంట హీట్ రేట్ 0.4 శాతం చెడుతుంది. యూనిట్ మీద ఇంధనం పోగా మిగిలేది ఒక రూపాయి, ఇంధన ఖర్చు యూనిట్‌కు మూడు రూపాయలు. ఒక శాతం ఉత్పత్తి పోతే గంటకు 1,000 యూనిట్లు, అంటే 1,000 రూపాయలు పోతాయి. పెరిగిన ఇంధన ఖర్చు గంటకు 1,200 రూపాయలు. రెండూ కలిపి 250 గంటలకు 2,200 రూపాయల చొప్పున గంటవారీ నష్టం ఎదుగుతుంది. కడగడానికి 12 గంటలు ఆపితే పోయే లాభం 12 లక్షలు; రసాయనాలు, నీరు, కూలీ, ఆపి మళ్ళీ నడపడం వల్ల వేడి భాగాలకు కలిగే అలసట కలిపి మూడు లక్షలు అనుకుంటే మొత్తం 15 లక్షలు. సూత్రం ఇచ్చే గడువు 584 గంటలు, అంటే సుమారు 24 రోజులు. ఆ గడువులో మొత్తం భారం గంటకు 5,138 రూపాయలు. వెయ్యి గంటలకు ఒకసారి కడిగితే 5,900, మూడువందల గంటలకే కడిగితే 6,320, రెండువేల గంటల దాకా వదిలేస్తే 9,550 రూపాయలు. ఏడాదికి 8,000 గంటలు నడిచే యంత్రం మీద ఈ చివరి నిర్లక్ష్యం మూడున్నర కోట్ల రూపాయలకు సమానం. సరైన గడువుకు కొంచెం ఇటూ అటూ అయితే పెద్ద నష్టం లేదు; ఒకటిన్నర రెట్లకు పొడిగించినా భారం ఎనిమిది శాతమే పెరుగుతుంది. కాబట్టి గడువును గంట గంటకూ లెక్కించి తీరాలన్న పట్టింపు అనవసరం, అసలు లెక్కే వేయకపోవడం మాత్రం ఖరీదైనది.

ధరలు మారినప్పుడు ఈ సూత్రం సహజమైన అంచనాకు విరుద్ధంగా నడుస్తుంది. వేసవి కొరతలో యూనిట్ మీద లాభం నాలుగు రూపాయలకు పెరిగిందనుకుంటే, ప్రతి మెగావాటూ విలువైనది కాబట్టి ఇంకా తరచుగా కడగాలని ఎవరికైనా తోస్తుంది. కాని అదే ధర వద్ద 12 గంటలు ఆపడం కూడా 48 లక్షల నష్టం. మురికి నష్టం 250 గంటలకు 5,200 రూపాయల వేగంతో పెరుగుతుంటే, కడిగే ఖర్చు 51 లక్షలు. గడువు సుమారు 700 గంటలకు పెరుగుతుందే గాని తగ్గదు. విద్యుత్తు ప్రియమైన రోజులు కడగవలసిన రోజులు కావు, కడిగి సిద్ధంగా ఉండవలసిన రోజులు. ఏప్రిల్, మే నెలల్లో ఆపకుండా ఉండాలంటే మార్చి చివర ఆపాలి; గ్రిడ్‌కు అవసరం తగ్గే వాన రోజులనూ, సెలవుల రాత్రులనూ, మరో మరమ్మతు కోసం ఎలాగూ ఆగిన గంటలనూ కడగడానికి వాడుకొనే కేంద్రానికి కడిగే ఖర్చు మూడు లక్షలకే పరిమితమై, గడువు 261 గంటలకు, అంటే పదకొండు రోజులకు, దిగివస్తుంది.

తెలుగు నేల మీది కేంద్రాల చరిత్ర ఈ లెక్కకు ఇంకొక మలుపు తెచ్చింది. కేంద్ర ప్రభుత్వం 1992 మార్చి 30న జారీ చేసిన నోటిఫికేషన్ ప్రకారం, విద్యుత్కేంద్రం 68.5 శాతం సామర్థ్య వినియోగాన్ని సాధిస్తే పెట్టుబడి మీద 16 శాతం రాబడితో సహా స్థిర వ్యయమంతా తిరిగివచ్చేది. ఇంధన వ్యయాన్ని నిర్ణీత హీట్ రేట్ మేరకు కొనుగోలుదారు భరించేవాడు. ఇటువంటి ఒప్పందం కింద, ఉత్పత్తి హద్దును సులభంగా దాటగల కేంద్రానికి రెండు శాతం మెగావాట్లు పోవడం పెద్దగా నొప్పి కలిగించదు, హీట్ రేట్ పెరగడం మాత్రం నేరుగా తన జేబులోంచి పోతుంది. అంటే కడిగే గడువును బ్లేడ్ల మీది మురికి ఎంత నిర్ణయిస్తుందో ఒప్పంద పత్రంలోని ఒక వాక్యమూ అంతే నిర్ణయిస్తుంది. ఇంజనీరుకు ఆ పత్రం చదివే అవకాశం, అలవాటు రెండూ ఉండాలి. చాలా సంస్థలలో వాణిజ్య విభాగానికీ టర్బైన్ హాలుకూ నడుమ ఉండే దూరం ఈ విషయంలో నష్టదాయకమైనది.

2009 ఏప్రిల్‌లో కృష్ణా గోదావరి బేసిన్‌లోని డీ6 క్షేత్రం నుంచి గ్యాస్ రావడం మొదలై, 2010లో రోజుకు దాదాపు ఆరు కోట్ల ఘనపు మీటర్లకు చేరి, ఆ తరువాత వేగంగా క్షీణించి, 2013 మార్చి నాటికి విద్యుత్కేంద్రాలకు దాని సరఫరా నిలిచిపోయింది. గ్యాస్ తగినంత లేనప్పుడు యంత్రపు గరిష్ఠ సామర్థ్యానికి విలువ ఉండదు. వంద మెగావాట్లు ఇవ్వగలదా, తొంభై ఆరు ఇవ్వగలదా అన్న ప్రశ్నే రాదు, ఎందుకంటే డెబ్బైకి సరిపడా గ్యాసే లేదు. అప్పుడు మిగిలే ప్రశ్న, ఆ కాస్త గ్యాస్ నుంచి ఎన్ని యూనిట్లు పిండగలమన్నది. ఊహాయంత్రం లెక్కలో ఉత్పత్తి నష్టాన్ని కొట్టేసి హీట్ రేట్ నష్టాన్ని మాత్రమే ఉంచి, ఆపినందువల్ల పోయే లాభమూ లేదు కనుక కడిగే ఖర్చును మూడు లక్షలుగానే తీసుకుంటే, గడువు సుమారు 354 గంటలు, అంటే పక్షం రోజులు వస్తుంది. కొరతకాలంలో యంత్రం తక్కువ నడుస్తున్నది కదా అని కడగడం తగ్గించడం సహజంగా తోచే నిర్ణయం. లెక్క దానికి ఎదురు చెబుతుంది: దేశానికి దొరికిన కొద్దిపాటి గ్యాస్‌ను మురికి బ్లేడ్ల మీద వృథా చేయడానికి అంతకంటే చెడ్డ సమయం ఉండదు.

నిజమైన మురికి సరళరేఖలో పెరగదని కూడా గుర్తుంచుకోవాలి. కడిగిన తొలి రోజుల్లో వేగంగా పేరుకొని, వెయ్యి రెండువేల గంటల తరువాత, అంటుకొనేదీ గాలి తాకిడికి ఊడిపోయేదీ సమమై, నష్టం ఒకచోట స్థిరపడే యంత్రాలు చాలా ఉన్నాయి. అటువంటి దానిని స్థిరపడ్డాక కడిగితే, లాభం కొద్ది వారాలలోనే కరిగిపోతుంది. కడిగే ఖర్చు మరీ ఎక్కువైతే తదుపరి పెద్ద మరమ్మతు దాకా ముట్టుకోకపోవడమే మేలని లెక్క తేల్చే సందర్భాలూ ఉంటాయి. గ్యాస్ టర్బైన్ల మురికి, శుభ్రత గురించి విస్తృతంగా రాసిన సైరస్ మెహెర్-హోమ్జీ వంటి నిపుణులు ఒకే గడువును అందరికీ సిఫారసు చేయకుండా, ప్రతి కేంద్రం తన కొలతల నుంచి తన గడువును కనుగొనాలని చెబుతూ రావడానికి కారణం ఈ వైవిధ్యమే. గాలిని ముందే బాగా వడపోసే అధిక సామర్థ్యపు ఫిల్టర్లు మరొక మార్గం. అవి గాలి దారికి కొంత అడ్డు కలిగించి రోజూ చిన్న సుంకం వసూలు చేస్తాయి. బదులుగా కడగవలసిన అవసరాన్ని ఏడాదికి ఒకటి రెండుసార్లకు తగ్గించగలవు. పొగ, మసి ఎక్కువైన పారిశ్రామిక ప్రాంతాలలో ఈ బేరం సాధారణంగా గిట్టుబాటవుతుంది.

విమాన ఇంజన్లలో ఇదే సమస్య వేరే కొలబద్దతో ఎదురవుతుంది. రెక్క కింద వేలాడే ఇంజన్‌కు మెగావాట్ల మీటరు లేదు. టర్బైన్ దాటి వచ్చే వాయువు ఉష్ణోగ్రత అనుమతించిన హద్దుకు ఎంత దూరంలో ఉందన్నదే దాని ఆరోగ్య సూచిక. మురికి ఆ దూరాన్ని తగ్గిస్తుంది, కడగడం కొంత తిరిగి ఇస్తుంది, ఇంజన్‌ను రెక్క నుంచి దించవలసిన రోజు వెనక్కి జరుగుతుంది. ఇంధనంలో మిగిలేది ఒక శాతం దాకానే అయినా, ప్రాట్ అండ్ విట్నీ ఎకోపవర్ పేరుతో నీటిని తిరిగి పట్టి వాడుకొనే వాష్ పద్ధతిని విమానయాన సంస్థలకు అమ్మగలిగింది ఈ లెక్క వల్లనే. ఇందులోని గడువు నిర్ణయం ఇప్పుడు పూర్తిగా దత్తాంశాల పని: ఒక్కొక్క ప్రయాణంలో నమోదైన ఉష్ణోగ్రతలను ఎత్తుకూ వేగానికీ వాతావరణానికీ సవరించి, మురికి నష్టాన్ని అరుగుదల నుంచి వేరు చేయాలి. ఈ పని చేయడానికి ఇంజన్ పక్కన ఉండనక్కరలేదు, కనుక మడికొండ వంటి ఊరి నుంచి కూడా చేయదగినది.

లాభనష్టాల సూత్రం వర్తించని యంత్రాలు ఒక రకం ఉన్నాయి: ఆగిపోయినవి. గ్యాస్ కొరతతో గోదావరి జిల్లాలలో నెలల తరబడి, కొన్ని ఏళ్ళ తరబడి, నిలిచిపోయిన కేంద్రాలకు గంటవారీ నష్టం అనేదే లేదు, సూత్రం ప్రకారం కడిగే గడువు అనంతం. కాని నడుస్తున్నప్పుడు వేడికి పొడిగా ఉండిన ఉప్పు, మసి పొర, యంత్రం ఆగాక డెల్టా గాలిలోని తేమను పీల్చుకొని చెమ్మగా మారుతుంది. కంప్రెసర్ బ్లేడ్లకు వాడే 12 శాతం క్రోమియం ఉక్కు ఎంత తుప్పుపట్టనిదైనా, క్లోరైడు చెమ్మ కింద సూదిమొన గుంటలు పడతాయి, మళ్ళీ నడిపిన నాడు ఆ గుంటల దగ్గరే పగుళ్ళు మొదలై బ్లేడు విరగవచ్చు. ముందువరుస బ్లేడు ఒకటి విరిగితే వెనుక పదహారు మెట్లూ దాని దారిలోనివే. కాబట్టి దీర్ఘకాలం ఆపబోయే యంత్రాన్ని ఆపిన వెంటనే కడిగి, జాడించి, తిప్పుతూ ఆరబెట్టి, గాలి దారి రెండు చివరలా మూసి, లోపల సాపేక్ష ఆర్ద్రత 40 శాతం దాటకుండా పొడిగాలి నింపి ఉంచాలి. ఇరుసు ఒకేచోట నిలిచి వంగిపోకుండా అప్పుడప్పుడూ తిప్పాలి, పొడిగాలి యంత్రానికి కరెంటు పోతే తిరిగి వచ్చేదాకా ఆర్ద్రతను రాసిపెట్టే మనిషి ఒకరు అక్కడ ఉండాలి.